ముహూర్తం దగ్గర మనిషి ఉండాలి: ఏఐ వచ్చాక నాదస్వరంతో బతకడం ఎలా

మొన్న మాఘంలో సింగరాయకొండ దగ్గర ఒక పెళ్ళికి బంధువుగా వెళ్ళాను. మేళం పెట్టలేదు. అలంకరణ పనికి వచ్చిన కుర్రవాడు ఫోనులో "నాదస్వరం, డోలు, పెళ్ళి" అని కొట్టి, ఏఐ చేత చేయించిన వాద్యాన్ని స్పీకరుకు తగిలించాడు. వినడానికి బాగానే ఉంది. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం" అనగానే మీట నొక్కాడు. పెళ్ళికొడుకు చేతులు వణికి రెండో ముడి జారింది. మూడో ముడి పడేలోపు పాట అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో వెనక వరుసలో ఎవరో తుమ్మారు. పెళ్ళికూతురి నాయనమ్మ ముఖం వాడిపోయింది. తుమ్ము, ఏడుపు, అపశకునపు మాట ఆ క్షణాన చెవిన పడకూడదనే కదా గట్టిమేళం పుట్టింది!

ముప్పై ఏళ్ళుగా ఒంగోలు చుట్టుపక్కల సన్నాయి ఊదుతున్నాను. ఇప్పుడు నేర్చుకుంటున్న పిల్లలు "మాస్టారూ, ఇంకా ఇందులో బతుకుంటుందా?" అని అడుగుతున్నారు. ఉంది. అయితే దేన్ని వదిలేయాలో, దేన్ని గట్టిగా పట్టుకోవాలో ముందు తెలుసుకోవాలి.

వదిలేయాల్సింది రికార్డు పని. పెళ్ళి వీడియోల వెనక వినిపించే వాద్యం, దుకాణం ప్రారంభోత్సవానికి పెట్టే పాట, ప్రకటనల సంగీతం ఇక మనకు రావు. ఒకప్పుడు వీడియో తీసేవాళ్ళు నన్ను పిలిచి అరగంట వాయించుకుని డబ్బిచ్చేవారు. రెండేళ్ళుగా ఒక్కరూ పిలవలేదు. ఆ పని కోసం రేటు తగ్గించకండి. ఊరికే వాయించే యంత్రంతో ధరలో పోటీ పడి ఎవరూ గెలవలేరు.

పట్టుకోవాల్సింది కన్ను. అవును, చెవి కంటే ముందు కన్నే. పందిట్లో పురోహితుడి కుడిచెయ్యి కనిపించే చోటే కూర్చోండి. స్తంభం అడ్డం వస్తే మొహమాటపడకుండా చోటు మార్చమని అడగండి. గట్టిమేళానికి ఇంత అని నిడివి లేదు, ముడులు పడేదాకా సాగాలి. దీనికి నేను చేయించే సాధన ఒకటుంది. ఇంట్లో చిన్నపిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, తోచినప్పుడు చెయ్యి ఎత్తి, తోచినప్పుడు దించమనాలి. చెయ్యి లేవగానే మీరు, డోలు ఒకేసారి అందుకోవాలి. దిగగానే ఎక్కడున్నా తడబడకుండా షడ్జమానికి, అంటే 'స' స్వరానికి, వచ్చి నిలవాలి. రోజుకు ఇరవై సార్లు చొప్పున ఒక నెల చేస్తే డోలు విద్వాంసుడికీ మీకూ సైగ కూడా అక్కర్లేదు.

గుడి సేవలు కూడా అంతే. స్వామి బయలుదేరేటప్పుడు గంభీరనాట రాగంలో మల్లారి అనే బాణీ, పొద్దున భూపాలం, బిలహరి, పవళింపు సేవకు నీలాంబరి. ఇవి తెలిసినంత మాత్రాన చాలదు. పల్లకి మోసేవాళ్ళు మలుపు దగ్గర ఆగితే మీ ఊపిరి కూడా వాళ్ళతో ఆగాలి.

ఇక కాగితాల సంగతి. నా తప్పే చెబుతాను, మీరు చేయకండి. చాలా ఏళ్ళ కిందట చెన్నైలో ఒక స్టూడియోకు పిలిచారు. రెండు రోజులు ఒక్కో స్వరాన్నీ పొడవుగా, పొట్టిగా, మెల్లగా, గట్టిగా, గమకంతో అంటే స్వరాన్ని ఊపుతూ, గమకం లేకుండా ఊదించుకున్నారు. పన్నెండు వేలు ఇచ్చి ఎనిమిది పేజీల ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నేను చదవలేదు. ఆ తరువాత ఒక శిష్యుడు కీబోర్డు మీద సన్నాయి మోగించి చూపించాడు. పంచమం ('ప') పలికే ముందు నా సీవాళిలో, అంటే నోట పెట్టి ఊదే పీకలో, చిన్న గాలి చప్పుడు వస్తుంది, అదే వినిపించింది. నా ఊపిరి నాది కాకుండా పోయిందని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1957 కాపీరైట్ చట్టంలో వాయించేవాళ్ళకు హక్కులున్నాయి. 2012 సవరణతో చేరిన 38ఎ, 38బి సెక్షన్లను ఎవరి చేతనైనా చదివించుకోండి. మన ప్రదర్శన మీద హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. రికార్డింగ్‌కు పిలిస్తే కాగితం మీద ఈ మాటలు రాయించండి: "ఈ రికార్డింగును పైన చెప్పిన పనికి మాత్రమే వాడాలి. కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వడానికి గానీ, నా వాద్యధ్వనిని పోలిన ధ్వనిని తయారు చేయడానికి గానీ నా రాతపూర్వక అనుమతి లేకుండా వాడరాదు." రాయం అంటే లేచి వచ్చేయండి. పెద్దవాళ్ళకే తప్పలేదు ఈ బాధ. నెల్లూరు బిడ్డ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును ఏఐతో తమను అడగకుండా వాడారని ఆయన కుమారుడు చరణ్ 2024లో ఒక సినిమా నిర్మాతలకు లీగల్ నోటీసు పంపించారు. అదే ఏడాది ఏఆర్ రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను వాడినప్పుడు, కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం ఇచ్చామని చెప్పారు. అడగడం, ఇవ్వడం అంత కష్టమేమీ కాదన్నమాట.

యంత్రాన్ని సాధనకు మాత్రం నిస్సంకోచంగా వాడుకోండి. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారు 1924లో మన ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టారు, శ్రీరంగంలో స్థిరపడ్డారు, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆయన పాత రికార్డింగుల్లో డోలును వేరు చేసి, శ్రుతి మారకుండా వేగం సగానికి తగ్గించి వినిపించే యాప్‌లు ఇప్పుడు ఉన్నాయి. మా నాన్న వందసార్లు విని పట్టుకున్న సంగతిని మా పిల్లలు ఒక సాయంత్రంలో పట్టుకుంటున్నారు. శ్రుతి చూపించే యాప్ మాటను మాత్రం నమ్మకండి. తోడి రాగంలో గాంధారం రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగుతుంది. ముల్లు అటూ ఇటూ కొట్టుకుని తప్పు అంటుంది. ఆ ముల్లును నిలబెట్టాలని ఒక పిల్లవాడు గాంధారాన్ని ఆపేశాడు. తోడి పోయింది.

త్యాగరాజ కృతి వాయించి వీడియో పెడితే అది తమ రికార్డని ఎవరో హక్కు చెప్పుకుంటున్నట్టు నోటీసు రావచ్చు. భయపడి తీసేయకండి. త్యాగరాజు 1847లోనే పరమపదించారు, కృతి అందరిదీ, వాయించింది నేను అని అభ్యంతరం రాసి పంపండి.

ఆకాశవాణి ఆడిషన్‌కు వెళ్ళి గ్రేడు తెచ్చుకోండి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే నాదస్వరం, డోలు పాఠశాలలో చేరగలిగితే ఇంకా మంచిది. దరఖాస్తు ఇంగ్లీషులో రాయడానికి ఏఐ సాయం తీసుకోండి. పేర్లు, తేదీలు మాత్రం మీరే సరిచూసుకోవాలి.

పెళ్ళి ఒప్పుకున్నాక సగం అడ్వాన్సు తీసుకుని, రెండు రోజుల ముందే పురోహితుడికి ఫోను చేసి క్రమం అడగండి. ఒక్కో ఊళ్ళో జీలకర్ర బెల్లానికే గట్టిమేళం అడుగుతారు. సింగరాయకొండ పెళ్ళి తరువాత నేను కొత్త కార్డులు అచ్చు వేయించాను. ఫోను నంబరు పైన ఉండే "అన్ని శుభకార్యములకు" అన్న మాట తీసేసి, "ముహూర్తం దగ్గర కూర్చుని వాయిస్తాము" అని పెట్టించాను.