రౌటర్ మార్చేముందు ఒక్క గంట

పాత రౌటర్ ఉన్న ఇంట్లో నెట్ ఆగిందంటే చాలు, "కొత్తది కొనేద్దాం" అంటారు. కొన్నాక కూడా నెట్ ఆగితే ఎవరూ మాట్లాడరు. ఏ లక్షణానికి ఏది కారణమో ముందు తేల్చుకుంటే డబ్బు మిగులుతుంది.

డబ్బా మీద ఎర్ర లైటు

ఫైబర్ కనెక్షన్ పెట్టెలో 'లాస్' (LOS, అంటే సిగ్నల్ అందట్లేదని) అనే లైటు ఎర్రగా వెలిగితే దాదాపు ఎప్పుడూ తప్పు తీగది. కంప్లైంట్ ఇచ్చి ఊరుకోండి.

దానంతట అదే ఆఫ్ అయి ఆన్ అవుతోంది

మా పిన్ని వాళ్లది విశాఖలో లాసన్స్ బే కాలనీ. బాల్కనీ తలుపు తీస్తే సముద్రపు గాలి. రౌటర్ రోజుకు పదిసార్లు రీస్టార్ట్ అవుతోందంటే వెళ్లాను. అడాప్టర్ పిన్ లాగి చూస్తే చుట్టూ పచ్చగా చిలుము! ఉప్పుగాలి పని. గుడ్డతో తుడిచి పెడితే రెండు రోజులు బాగానే నడిచి మళ్లీ మొదలైంది. అప్పుడు అడాప్టరే మార్చాం, జబ్బు పోయింది. రౌటర్ ఇప్పటికీ అదే.

కొత్త అడాప్టర్ తెచ్చేటప్పుడు పాతదాని మీద రాసిన వోల్టులు కచ్చితంగా అవే ఉండాలి. 9 వోల్టుల రౌటర్‌కు 12 వోల్టులది పెడితే కాలిపోవచ్చు. ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు. పిన్ సైజు, ప్లస్-మైనస్ గుర్తు కూడా కలవాలి. పాతది జేబులో వేసుకుని షాపుకెళ్లడమే ఉత్తమం.

మే నెల ఉక్కలో, అదీ మధ్యాహ్నాలే హ్యాంగ్ అవుతుంటే సెట్‌టాప్ బాక్సు మీద నుంచి తీసి గాలి తగిలేచోట పెట్టండి.

హాల్లో వస్తుంది, లోపలి గదిలో రాదు

రౌటర్ ఇనప బీరువా వెనకో, టీవీ వెనకో ఉందేమో చూడండి. ఇనుము సిగ్నల్‌ను ఆపేస్తుంది. ఇంటి మధ్యలో, ఎత్తులో పెట్టండి. చాలా రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో వైఫై ఇస్తాయి. 5 స్పీడు ఎక్కువే కానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది. దూరపు గదికి 2.4 మేలు. అపార్ట్‌మెంట్లో చుట్టుపక్కల వాళ్ల రౌటర్లన్నీ ఆ 2.4 మీదే ఉంటాయి కాబట్టి సెట్టింగుల్లో 1, 6, 11 ఛానెళ్లలో రద్దీ తక్కువున్నది ఎంచుకోండి.

200 ఎంబీపీఎస్ ప్లాన్, వచ్చేది 94

నాకు బాగా నచ్చే లక్షణం ఇది, ఎందుకంటే అంకె చూడగానే దొంగ దొరికిపోతాడు. ల్యాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్ కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. 94 దగ్గరే ఆగిపోతే దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టు ఉన్నట్టే. అది రౌటర్‌ది కావచ్చు, ల్యాప్‌టాప్‌దీ కావచ్చు. కేబుల్‌లో ఎనిమిది తీగలకు నాలుగే కలిసినా ఇంతే, కాబట్టి ముందు కేబుల్ మార్చి చూడండి. రౌటర్ అడుగున 10/100 అని ఉంటే మాత్రం మార్చాల్సిందే.

కేబుల్‌తో పూర్తి స్పీడు, వైఫైలో మాత్రం ముప్పై నలభై వస్తోందా? పక్కనే నిలబడి రెండు మూడు ఫోన్లతో చూడండి. ఒక్క ఫోనే నెమ్మదైతే తప్పు ఆ ఫోన్‌ది. అన్నీ నెమ్మదైతే, రౌటర్ 2009 నాటి 'ఎన్' ప్రమాణందై 2.4 ఒక్కటే ఇస్తుంటే, ఇక దాన్ని లాగొద్దు. కంపెనీ అప్‌డేట్లు ఆపేసినా అంతే. స్పీడు బాగున్నా అది తాళం పాడైన తలుపు.

కొనేటప్పుడు డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 రెండూ), గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు, వైఫై 6 ఉంటే మామూలు ఇంటికి చాలు. నెట్ వాళ్ల డబ్బాకే వైఫై ఉంటే కొత్తదాన్ని దానికి కేబుల్‌తో కలిపి, డబ్బా వైఫై ఆపేయండి. కొత్త రౌటర్‌కు పాత పేరు, పాత పాస్‌వర్డే పెడితే టీవీ, ఫోన్లు చాలావరకు వాటంతటవే కలిసిపోతాయి. పాతదాన్ని ఎవరికైనా ఇచ్చేముందు రీసెట్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టండి, మీ పాస్‌వర్డ్‌లు అందులోనే ఉంటాయి.