గురి పాఠాలు – 6: చవక రెడ్‌డాట్ చాలదా?

రెడ్‌డాట్ అంటే గన్ మీద బిగించుకునే, ఎర్ర చుక్కతో గురి చూపే పరికరం (సైట్). అయిదో పాఠంలో ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) లెక్క నేర్చుకున్నాం. 100 మీటర్ల దగ్గర 1 ఎంఓఏ అంటే సుమారు 29 మిల్లీమీటర్లు, 10 మీటర్ల దగ్గర 2.9 మిల్లీమీటర్లు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే ఇవాళ్టి పాఠం సగం అయినట్టే.

మన విశాఖలో ఎయిర్‌గన్ పట్టిన కొత్తవాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "గురూ, ఆన్‌లైన్‌లో మూడు వేలకి రెడ్‌డాట్ వస్తోంది. స్వీడన్ ఎయిమ్‌పాయింట్‌దేమో దానికి ఇరవై రెట్లు పైనే. చుక్క రెండిట్లోనూ ఎర్రగానే ఉంది కదా, తేడా ఏంటి?" ప్రశ్న బాగుంది. చుక్క వరకే చూస్తే పెద్ద తేడా లేదు. డబ్బు పోసేది చుక్క కోసం కాదు, అది ఉన్నచోటే ఉండడం కోసం. మన గన్‌కి, మన దూరానికి, మన ఊరి గాలికి ఆ భరోసా ఎంత అవసరమో తేల్చుకోవడమే ఈ పాఠం.

ముందు పని తీరు చూద్దాం. రెడ్‌డాట్‌లో ఒక చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. దాని ఎర్రటి వెలుగు ముందున్న వంపు అద్దం మీద పడి, సమాంతర కిరణాలుగా మారి కంటికి చేరుతుంది. అందుకే చుక్క అద్దం మీద కాకుండా దూరంగా లక్ష్యం మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. లేజర్‌లా బయటికి ఏ వెలుగూ పోదు. అద్దానికి ఎరుపును మాత్రమే వెనక్కి తిప్పే పూత వేస్తారు. చవక వాటిలోంచి చూస్తే లోకం కాస్త నీలంగా కనిపించడానికి కారణం అదే. నీలం ఎక్కువైతే సాయంత్రం వెలుగు తగ్గాక నల్ల టార్గెట్ అంచు సరిగ్గా దొరకదు. ఎయిమ్‌పాయింట్ వాళ్లు 1975 నుంచి ప్రధానంగా రెడ్‌డాట్‌లే చేస్తున్నారు. వాళ్ల అద్దం రెండు కటకాలు అతికించి చేసినది. చవక వాటిలో చాలావరకు ఒకటే వంపు అద్దం, కాబట్టి అంచుల దగ్గర కిరణాలు అంత సమాంతరంగా రావు.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ప్రకటనలన్నిటిలోనూ "పారలాక్స్ లేదు" అని, అంటే కన్ను జరిగినా గురి జరగదని రాస్తారు. కిరణాలు అచ్చంగా సమాంతరంగానే ఉన్నాయనుకుందాం. మీ కన్ను మధ్య నుంచి 8 మిల్లీమీటర్లు పక్కకి జరిగితే గురి కూడా ఆ 8 మిల్లీమీటర్లే జరుగుతుంది, దూరం ఎంతైనా సరే. 100 మీటర్ల దగ్గర 8 మిల్లీమీటర్లు ఎవరికీ పట్టదు. 10 మీటర్ల దగ్గర మాత్రం అది కొంప ముంచుతుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, తొమ్మిది వలయం వ్యాసం 5.5 మిల్లీమీటర్లు. ఎంత ఖరీదైన సైట్ కొన్నా చెంప గన్ వెనక భాగం (స్టాక్) మీద ఒకేచోట ఆనకపోతే పెల్లెట్లు (ఎయిర్‌గన్ గుళ్లు) చెల్లాచెదురవుతాయి. చవక సైట్‌లో ఈ తప్పుకి అద్దం తప్పు కూడా తోడవుతుంది, అంతే తేడా.

అదే లెక్క చుక్క సైజుకి వేయండి. 3 ఎంఓఏ చుక్క 10 మీటర్ల దగ్గర 8.7 మిల్లీమీటర్లు కప్పేస్తుంది. అంటే రైఫిల్ టార్గెట్ మధ్యభాగం మొత్తం చుక్క కింద మాయం. అందుకే రెడ్‌డాట్‌తో సాధన చేసేటప్పుడు ఎయిర్ పిస్టల్ పేపర్ పెట్టుకోండి. దాని పది వలయం 11.5 మిల్లీమీటర్లు, చుక్క అందులో చక్కగా ఇముడుతుంది. పోటీల మీద ఆశ ఉన్నవాళ్లకి ఒక మాట: 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లో రెడ్‌డాట్ ఒప్పుకోరు. అక్కడ పీప్ సైటో (చిన్న రంధ్రంలోంచి చూసేది), ఓపెన్ సైటో (గాడిలోంచి చూసేది). రాష్ట్ర పోటీలే లక్ష్యమైతే ఈ పాఠం చదివి ఆనందించండి, డబ్బు మాత్రం మంచి పీప్ సైట్‌కి దాచుకోండి.

ఇక కొనుగోలు. మార్కెట్‌ని మూడు మెట్లుగా చూస్తాను. కింది మెట్టు, పేరున్న వాటి నకళ్లు. డబ్బా మీద రాసిన ఏ మాటనీ నమ్మనక్కర్లేదు. నడిమి మెట్టు, హోలోసన్, సిగ్ రోమియో5 లాంటివి. రోమియో5కి ఒక సీఆర్2032 బ్యాటరీతో 40,000 గంటలు చెబుతారు. కదలిక లేకపోతే తనే ఆరిపోయి, గన్ ఎత్తగానే వెలుగుతుంది. నీటి రక్షణ ఐపీఎక్స్7, అంటే మీటరు లోతు నీటిలో అరగంట. పై మెట్టు, ఎయిమ్‌పాయింట్ టీ-2 లాంటివి. అదే బ్యాటరీతో 50,000 గంటలు, 25 మీటర్ల లోతు. 50,000 గంటలంటే అయిదేళ్ల పైమాటే. సముద్రంలో దూకే నేవీ కమాండోకి ఆ లోతు ప్రాణంతో సమానం. ఎంవీపీ కాలనీలో ఆదివారం పూట పేపర్ కొట్టేవాళ్లకి దాంతో పని లేదు.

పై మెట్టు అంటే తప్పే జరగదని మాత్రం అనుకోకండి. రెడ్‌డాట్‌కి దగ్గరి చుట్టమైన హోలోగ్రాఫిక్ సైట్‌లు చేసే ఇయోటెక్ మీద, చలిలోనూ తేమలోనూ చెప్పినట్టు పనిచేయడం లేదని అమెరికా ప్రభుత్వం దావా వేస్తే, 2015లో దాని మాతృసంస్థ 2.56 కోట్ల డాలర్లు కట్టి రాజీ పడింది. వేడికీ చలికీ గురి కదలడమే అందులో పెద్ద ఫిర్యాదు. కాబట్టి ధర ఏదైనా పరీక్ష మన చేతిలోనే ఉండాలి.

ఈ పరీక్షలకి గన్ అక్కర్లేదు. అపార్ట్‌మెంట్లో గన్ పట్టుకుని తిరిగి పక్కింటివాళ్లకి టెన్షన్ పెట్టొద్దు. సైట్‌ని టేబుల్ అంచుకి బిగించే చిన్న వైస్‌లో, గుడ్డ ముక్క అడ్డం పెట్టి కదలకుండా బిగించండి. 10 మీటర్ల అవతల గోడకి, అయిదేసి సెంటీమీటర్లకి స్కెచ్ పెన్‌తో గళ్లు గీసిన చార్టు అంటించండి. చుక్కని ఒక గడి మూల మీదికి తెచ్చి, తల అటూ ఇటూ, పైకీ కిందికీ కదపండి. చుక్క అద్దం మధ్య నుంచి అంచుకి వెళ్లేసరికి చార్టు మీద ఎంత జరిగిందో రాసుకోండి. అద్దం 20 మిల్లీమీటర్లదైతే జరుగుడు 10 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. అంతకు మించితే అద్దంలోనే లోపం, వెంటనే వాపసు చేయండి.

తర్వాత క్లిక్కులు, అంటే చుక్కని జరిపే స్క్రూ తిప్పినప్పుడు వచ్చే ఒక్కో మెట్టు. 1 ఎంఓఏ క్లిక్ అయితే 20 క్లిక్కులకి చుక్క 58 మిల్లీమీటర్లు జరగాలి. పైకి 20, కుడికి 20, కిందికి 20, ఎడమకి 20. చుక్క బయల్దేరిన మూలకే తిరిగి రావాలి. చవక వాటిలో చాలాసార్లు 58కి బదులు 50 వస్తుంది. అది పెద్ద నేరం కాదు, ఒకసారి జీరో చేశాక (చుక్కనీ పెల్లెట్ తగిలే చోటునీ కలిపాక) స్క్రూ ముట్టుకోం కదా. కానీ మొదటి మూలకి తిరిగి రాకపోతే మాత్రం లోపలి స్ప్రింగ్ బలహీనమని అర్థం. దాన్ని నేను ఏ ధరకీ తీసుకోను.

మూడోది విశాఖ వాళ్లు తప్పక చేయాల్సిన పరీక్ష. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్స్ గతేంటో మీకు తెలుసు. ఆ ఉప్పుగాలి, ఆ తేమ సైట్‌నీ వదలవు. మంచి వాటిలో గాలి తీసేసి పొడి నైట్రోజన్ నింపి సీల్ చేస్తారు. సైట్‌ని ఫ్రిజ్ కింది అరలో అరగంట ఉంచి (ఫ్రీజర్‌లో కాదు) బాల్కనీలోకి తెండి. అద్దానికి బయట ఆవిరి పట్టడం మామూలే, తుడిస్తే పోతుంది. తుడిచినా పోని మసక లోపల కనిపిస్తే సీల్ లేనట్టే. వానాకాలంలో అది మీ చేతిలో ఉన్నా లేనట్టే. పనిలో పనిగా స్క్రూలు చూడండి. అల్యూమినియం ఒంట్లో మామూలు ఇనుప స్క్రూలుంటే ఉప్పుతేమకి తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్క్రూలు మార్చుకోవడానికి పెద్ద ఖర్చేం కాదు. వాడనప్పుడు సిలికా జెల్ పొట్లంతో మూతగట్టి డబ్బాలో పెట్టండి, బ్యాటరీ తీసేయండి.

చుక్క గుండ్రంగా కాకుండా తోకచుక్కలా కనిపిస్తే వెంటనే సైట్‌ని తిట్టకండి. ఫోన్ కెమెరాతో ఫోటో తీయండి. ఫోటోలో గుండ్రంగా ఉంటే లోపం మీ కంటిలో ఉంది. ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకి లక్ష రూపాయల సైట్‌లోనూ అలాగే కనిపిస్తుంది. వెలుగు ఒక మెట్టు తగ్గించి చూడండి, చాలావరకు సర్దుకుంటుంది.

ఇంత చేసినా తేలనిది ఒకటుంది, అది కాల్చాకే తెలుస్తుంది. స్ప్రింగ్ ఎయిర్‌గన్ మామూలు రైఫిల్‌లా వెనక్కి మాత్రమే తన్నదు. పిస్టన్ ముందుకి కదిలేటప్పుడు గన్ వెనక్కి జరుగుతుంది, పిస్టన్ ఆగినప్పుడు ముందుకి కుదుపుతుంది. చవక సైట్‌లు చచ్చేది ఈ రెండో దెబ్బకే, ఎందుకంటే వాటిని ఒక దిక్కు దెబ్బకే కట్టారు. నా సలహా సూటిగా ఇదీ: పీసీపీ గన్‌కి (ముందే గాలి నింపి ఉంచుకునేది) కుదుపు దాదాపు ఉండదు, కాబట్టి పై పరీక్షలు నెగ్గిన చవకది హాయిగా పెట్టుకోండి. మిగిలిన డబ్బు మంచి పెల్లెట్లకి. స్ప్రింగ్ గన్‌కి నడిమి మెట్టు కంటే కిందికి దిగొద్దు. దాని అడుగున, గన్ మీది 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడికి సరిపోయే, వెనక్కి జారకుండా ఆపు పిన్ను ఉన్న మౌంట్ (సైట్‌ని గన్‌కి పట్టి ఉంచే బిగింపు) తీసుకోండి. పికాటినీ రైల్ (అడ్డ గాడులున్న వెడల్పు పట్టా) మౌంట్ డవ్‌టెయిల్‌కి పట్టదు. పై మెట్టుది కొంటానంటే కాదనను, కానీ 10 మీటర్ల పేపర్ మీద దాని గొప్పతనం కనిపించదని ముందే చెబుతున్నాను.

చట్టం సంగతి మొదటి పాఠంలో చెప్పిందే: బోరు (గొట్టం లోపలి వెడల్పు) 4.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ శక్తి 20 జౌల్స్ మించని గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. దాటితే కావాలి. లైసెన్సు అక్కర్లేదంటే డాబా మీద పిట్టల్ని కొట్టొచ్చని కాదు, 1972 వన్యప్రాణి చట్టం ఎయిర్‌గన్‌కీ వర్తిస్తుంది.

ఈ వారం ఇంటిపని: మౌంట్ స్క్రూకీ రైల్‌కీ మీదుగా గోళ్ల రంగుతో ఒక సన్న గీత గీయండి. వెనక పెల్లెట్ ఆపే గట్టి అడ్డు ఉన్నచోట 50 పెల్లెట్లు కాల్చి, గీత రెండు ముక్కలుగా విడిపోయిందేమో చూడండి, విడిపోతే మౌంట్ కదిలినట్టు. గీత కలిసే ఉండి పేపర్ మీద పెల్లెట్ రంధ్రాల గుంపు మాత్రం పక్కకి జరిగితే, మొదటి అయిదు పెల్లెట్ల పేపరూ చివరి అయిదింటి పేపరూ దాచి ఉంచండి. ఏడో పాఠంలో డాట్ ఎత్తు, పెల్లెట్ దారి లెక్క వేసేటప్పుడు ఆ రెండు పేపర్లూ కావాలి.