వ్యాను బయలుదేరకముందే స్టేటస్ పెట్టకండి

2025 నవంబరులో వార్సా నుంచి లూబ్లిన్ వెళ్లే రైలు మార్గంలో, మీకా అనే ఊరి దగ్గర పట్టాలు పేల్చారు. ఉక్రెయిన్‌కు సాయం వెళ్లే దారుల్లో అది ముఖ్యమైనది. అదృష్టం బాగుండి ఎవరి ప్రాణాలూ పోలేదు. ఇది కావాలని చేసిన విధ్వంసమేనని పోలండ్ ప్రధాని టుస్క్ చెప్పారు. ఆ వార్త వచ్చినప్పటి నుంచి, పోలండ్ నుంచి ఉక్రెయిన్‌కు వ్యానులో సాయం సామాను పంపే మా గ్రూపులో ఒకటే టెన్షన్. "అన్నా, తర్వాతి ట్రిప్పు ఉన్నట్టా, లేనట్టా?" అని రోజుకు పదిమంది అడుగుతున్నారు.

ఉంది. చలి మనకోసం ఆగదు. కానీ కొత్తగా చేరినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి కొన్ని విషయాలు రాసిపెడుతున్నాను.

నేను పోలండ్‌లో ఉద్యోగం చేసుకునే మామూలు మనిషిని. ఏ ఊరో ఎందుకు రాయలేదో కిందికి వెళ్తే మీకే తెలుస్తుంది. 2022 ఫిబ్రవరి చివర్లో ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదివే మన పిల్లలు చలిలో నడిచి మెదికా దగ్గర సరిహద్దు దాటుతుంటే, అన్నం పొట్లాలూ దుప్పట్లూ పట్టుకుని వెళ్లినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మన పిల్లలు విమానాలెక్కి ఇళ్లకు చేరారు. అదే లైనులో వాళ్ల వెనక చంటిపిల్లలతో నిలబడ్డ ఉక్రెయిన్ తల్లులకు వెళ్లడానికి ఇల్లు లేదు. అలా మొదలైన పని ఇంకా నడుస్తోంది.

స్వెట్టర్ వేసుకోండి, చలికాలం టైర్లు వేయించండి, పాస్‌పోర్టు మరిచిపోకండి లాంటివి ఇక్కడ రాయను. వాటి సంగతి మీ అమ్మగారు ఫోన్లో చూసుకుంటారు. నేను చెప్పేది ఒక్కటే. సామాను ఎక్కడుందో, ఎప్పుడు కదులుతుందో, ఎవరి చేతికి చేరుతుందో ఫొటోలో చూపించకండి.

ఇది చదివి "ఓస్ ఇంతేనా" అనుకునేవాళ్ల కోసం మా కథ చెబుతాను. 2023 చలికాలంలో మూడు జనరేటర్లు కొన్నాం. ఇక్కడి తెలుగువాళ్లు, అమెరికాలో ఉన్న స్నేహితులు, ఊళ్లో మా బాబాయి కూడా తలా కొంత వేసుకున్నారు. ఒకటి తూర్పున ఉన్న చిన్న ఊరికి వెళ్లింది. అక్కడ బడి కింద నేలమాళిగలో ఒక టీచరమ్మ పొయ్యి పెట్టి, కరెంటు లేని ముసలివాళ్లను పగలంతా కూర్చోబెట్టి టీ ఇచ్చేది. మావాడొకడు ఆమెను జనరేటర్ పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. ఆమె వెనక నీలం రంగు గోడ, గోడ మీద బడి పేరు, పక్కన కిటికీలోంచి నీళ్ల ట్యాంకు. అరగంటలో పోస్టు చేశాడు. "గ్రేట్ వర్క్ బ్రో" అని రెండొందల కామెంట్లు.

నాలుగో రోజు రాత్రి ఆ బడి మీద బాంబు పడింది. రాత్రి కాబట్టి లోపల ఎవరూ లేరు. జనరేటర్ పోయింది, పైకప్పు పోయింది. మా ఫొటో వల్లే అని చెప్పలేను. కాదనీ చెప్పలేను. టీచరమ్మ మాత్రం మళ్లీ మా ఫోన్ ఎత్తలేదు. ఫొటో తీసిన కుర్రాడు బంగారం లాంటివాడు. ఆ తర్వాత ఒక్క ట్రిప్పుకూ రాలేదు, గ్రూపులో నోరు విప్పలేదు.

యుద్ధం అక్కడెక్కడో జరుగుతోంది, మనం యూరప్‌లో ఉన్నాం కదా అనుకోకండి. 2024 మార్చి 20న తూర్పు లండన్‌లోని లేటన్‌లో ఒక గోడౌన్ తగలబెట్టారు. లోపల ఉన్నది ఉక్రెయిన్‌కు వెళ్లాల్సిన సాయం సామాను, స్టార్‌లింక్ శాటిలైట్ ఇంటర్నెట్ పరికరాలు. కాల్చింది మాస్కో నుంచి దిగిన గూఢచారులు కాదు. టెలిగ్రామ్‌లో బేరం కుదుర్చుకుని, రష్యా కిరాయి సైనికుల వాగ్నర్ ముఠా కోసం డబ్బుకు పనిచేసిన స్థానిక కుర్రాళ్లు. వాళ్లను నడిపించిన ఇరవై ఒక్క ఏళ్ల వాడికి 2025 అక్టోబరులో 17 ఏళ్ల జైలు పడింది. పోలండ్‌లోనైతే సరిహద్దు వైపు వెళ్లే రైలు మార్గాల పక్కన రహస్య కెమెరాలు పెట్టిన ముఠా 2023లో దొరికింది. అదే ఏడాది డిసెంబరులో లూబ్లిన్ కోర్టు 14 మందికి శిక్ష వేసింది. వాళ్లు కెమెరాలు కొని, దొంగచాటుగా బిగించి, చివరికి జైలుకు పోయి సంపాదించిన సమాచారాన్ని మనం వాట్సాప్ స్టేటస్‌లో ఉచితంగా పంచిపెడుతున్నాం.

ఫొటోలు, లెక్కలు

డబ్బిచ్చినవాళ్లు ఫొటో అడుగుతారు. అడగాలి కూడా. లెక్క అడగని చోట చందా ఏమవుతుందో మనకు తెలియనిదా? అందుకే మేం ఇలా చేస్తున్నాం. కొన్న రోజే బిల్లు పెడతాం. సామాను ఫొటో తీయాలంటే ఇంట్లో నేల మీద దుప్పటి పరిచి దానిమీద తీస్తాం, చుట్టూ గోడ, కిటికీ, తలుపు ఏదీ పడకూడదు. అందినట్టు అవతలివాళ్లు సంతకం, ముద్ర వేసిన కాగితం పంపుతారు. దాన్ని అందరికీ పెట్టం. చూడాలనుకునే దాతకు వీడియో కాల్‌లో చూపిస్తాం. అక్కడ తీసిన ఫొటో ఏదైనా ఉంటే, అందులో ఉన్న మనిషి ఒప్పుకుంటే, మూడు వారాలు దాటాక పెడతాం. మూడు వారాల్లో పుణ్యం ఎక్కడికీ పోదు.

ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపే ఫొటోకు ఆ వివరాలు ఊడిపోతాయి, కానీ క్వాలిటీ తగ్గకూడదని అదే ఫొటోను డాక్యుమెంటుగా పంపితే ఎక్కడ తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా వెళ్తుంది. మావాళ్లలో సగం మంది డాక్యుమెంటుగానే పంపుతుంటారు.

సైనికుల భుజం మీద బ్యాడ్జీ, బండి నంబరు, చెక్‌పోస్టు, వంతెన, ఇప్పుడే బాంబు పడ్డ చోటు, ఇవేవీ తీయొద్దు. 2022 మార్చిలోనే ఉక్రెయిన్ శిక్షాస్మృతిలో దీనికోసం 114-2 అనే కొత్త సెక్షన్ చేర్చారు. సైన్యం కదలికలు బయటపెడితే ఏళ్ల తరబడి జైలు. "తెలియక పెట్టాను సార్" అంటే చెక్‌పోస్టులో వినరు.

సామాను

చేతికో కాలికో గాయమై రక్తం ధారగా పోతుంటే బిగించే పట్టీని టోర్నికే అంటారు. అక్కడి నుంచి వచ్చే ప్రతి జాబితాలో మొదట ఉండేది ఇదే. అసలైనది దాదాపు 30 డాలర్లు. ఆన్‌లైన్‌లో పది డాలర్ల లోపు దొరికేవి నకిలీలు. చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. ఒకటి తెచ్చి నా తొడకు కట్టుకుని చూశాను. మెలితిప్పే ప్లాస్టిక్ కడ్డీ రెండో తిప్పుకు విల్లులా వంగింది, మూడో తిప్పుకు పటుక్కుమంది. కాలు తెగిన మనిషికి ఉండేది కొన్ని నిమిషాలే. ఆ నిమిషాల్లో వాడి చేతిలో విరిగే వస్తువు మనం పంపింది కాకూడదు. తయారీదారు గుర్తించిన డీలరు దగ్గరే కొనండి. డబ్బు వందకు సరిపోకపోతే ఇరవై కొనండి. నీలం రంగువి శిక్షణకు వాడేవి, అవి పంపకండి.

ఆదివారాలు పిల్లలతో కలిసి చేసే కందకం కొవ్వొత్తుల సంగతి. ఖాళీ డబ్బాలో అట్టముక్కను చుట్టగా చుట్టి పెట్టి, కరిగించిన మైనం పోస్తాం. కందకంలో చేతులు కాచుకోవడానికి, టీ వెచ్చబెట్టుకోవడానికి పనికొస్తాయి. మైనాన్ని నేరుగా స్టవ్ మీద పెట్టకండి, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. అంటుకుంటే నీళ్లు పోయొద్దు. కాగిన నూనెలో నీళ్లు పడితే ఏమవుతుందో వంటింట్లో చూసినవాళ్లే కదా, ఇదీ అంతే. మూత పెట్టి స్టవ్ ఆపేయండి. పిల్లలు అట్టలు కత్తిరిస్తారు, మైనం పెద్దవాళ్లే పోస్తారు. ఇందులో బేరాల్లేవు.

జనరేటర్‌తో పాటు ఉక్రెయిన్ భాషలో రాసిన అట్ట ఒకటి కట్టండి, "ఇంట్లో, బాల్కనీలో, నేలమాళిగలో నడపొద్దు" అని. దాని పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. పెట్రోలు, ఇంజినాయిలు పూర్తిగా ఖాళీ చేసి పంపండి.

డ్రోన్లు, రాత్రిపూట చూసే థర్మల్ పరికరాలు, బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాలు మామూలు సామాను కాదు. లైసెన్సు కావాలో లేదో ముందు కనుక్కోండి. పౌరుల కోసం అని కస్టమ్స్‌కు రాసిచ్చిన డిక్లరేషన్‌లో వీటిని దాచి పంపితే ఆ ఒక్క పెట్టెతో పాటు మొత్తం లోడు ఆగుతుంది. 2023 డిసెంబరు నుంచి డిక్లరేషన్లు ఆన్‌లైన్‌లోకి వచ్చాయి, అందుకునే సంస్థ అక్కడ నమోదై ఉండాలి. "మావాడు బోర్డర్‌లో చూసుకుంటాడు" అనే మాట వినగానే పక్కకు తప్పుకోండి.

దారి, ఇంకా మిగిలినవన్నీ

పోలండ్ రెసిడెన్సీ కార్డు చేతిలో ఉన్నా ఇండియా పాస్‌పోర్టుకు ఉక్రెయిన్ వీసా కావాలి. సరిహద్దులో బతిమాలితే ఇవ్వరు.

కొత్తవాళ్లు పోలండ్ సరిహద్దుకు దగ్గరున్న ల్వీవ్ నగరం దాటొద్దు. అవసరం లేదు కూడా. అక్కడి నుంచి నోవా పోష్తా కొరియర్ యుద్ధరేఖ దగ్గరి ఊళ్లదాకా వెళ్తోంది. మీ హీరోయిజం కంటే వాళ్ల రసీదు నయం.

సాయం బండి అని స్టిక్కరు వేస్తే వదిలేస్తారనుకోకండి. 2024 ఫిబ్రవరి 1న దక్షిణ ఉక్రెయిన్‌లోని బెరిస్లావ్‌లో డ్రోన్లు ఇద్దరు ఫ్రెంచ్ సహాయ కార్యకర్తలను చంపాయి. ఖెర్సన్ వైపు డ్రోన్లు పౌరులను వెంటాడి చంపడం మానవాళిపై నేరమని ఐక్యరాజ్య సమితి విచారణ సంఘం 2025లో తేల్చింది.

బాంబు పడ్డ చోటికి పరుగెత్తకండి. రెండోది సాయానికి వచ్చినవాళ్ల కోసం పడుతుంది. 2023 ఫిబ్రవరిలో తూర్పు ఉక్రెయిన్‌లోని బఖ్ముత్‌లో గాయపడ్డవాళ్లకు సాయం చేస్తూనే ఒక అమెరికన్ వైద్య సహాయకుడు పోయాడు.

ఒంటేలుకని రోడ్డు దిగొద్దు. మందుపాతరలు ఉంటాయి. టైరు గుర్తులున్న తారు మీదే, సిగ్గు పడకుండా.

వైమానిక దాడి అలారం మోగితే జీపీఎస్ మిమ్మల్ని ఏ సముద్రంలోనో చూపిస్తుంది. కాగితం మ్యాపు పెట్టుకోండి. బోర్డులు చదవడం నేర్చుకోండి. 56 అక్షరాలు దిద్దినవాళ్లం, వాళ్లవి 33.

అర్ధరాత్రి కర్ఫ్యూ. పదింటికల్లా బస చేరండి.

మీ చేత్తో సర్దని పెట్టె ఎక్కించొద్దు. 2024 జూలైలో లైప్‌జిగ్, బర్మింగ్‌హామ్ కొరియర్ కేంద్రాల్లో అంటుకున్నవి కూడా పైకి మామూలు పార్సిళ్లే.

మనిషిని దాచి సరిహద్దు దాటించొద్దు. ఎంత ఏడ్చినా సరే.

డ్రైవరు ఒక్కడే వెళ్లొద్దు.

డ్యాష్‌బోర్డు కెమెరా తీసేయండి.

గూగుల్ మ్యాప్స్‌లో లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్లకు కూడా పంపొద్దు. చేరాక "అన్నం తిన్నాను" అని ఒక్క మెసేజ్ చాలు.

గ్యారేజీ ముందు గ్రూప్ ఫొటో వద్దు. జెండా పట్టుకుని వద్దు. వీపులు కనబడేలా కూడా వద్దు.

వ్యాను నంబరు వద్దు. తేదీ వద్దు. ఏ బోర్డర్ అన్నది వద్దు. స్టేటస్ వద్దు. "ఓన్లీ క్లోజ్ ఫ్రెండ్స్" అని పెట్టినా వద్దు.

తర్వాతి ట్రిప్పు తేదీ గ్రూపులో అడగకండి, చెప్పను. ఇద్దరు డ్రైవర్లకు ముందు రోజు సాయంత్రం నేనే ఫోన్ చేస్తాను. వాళ్లు తిరిగొచ్చి, ఇంట్లో పడుకుని లేచి, వ్యాను కడిగి పెట్టాక లెక్కలు పంపిస్తాను.