డబుల్ క్లిక్ అవుతున్న మౌస్‌ని పారేయకండి
గేమింగ్ మౌస్ ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్కులు పడుతున్నాయంటే చాలావరకు బటన్ కింద ఉండే చిన్న మైక్రో స్విచ్‌లో సన్నటి స్ప్రింగ్ రేకు అరిగినట్టే. బోర్డు బాగానే ఉంటుంది, స్విచ్ ఒక్కటి మారిస్తే చాలు.

స్క్రూలు ఎక్కువగా అడుగున అంటించిన ఫీట్ (మౌస్ జారడానికి ఉండే నున్నటి ముక్కలు) కింద ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్‌తో కాసేపు వేడి చేసి మెల్లగా లేపండి, అవి మళ్లీ సరిగ్గా అంటవు కాబట్టి కొత్త సెట్ ముందే తెప్పించుకోండి. పైమూతని మాత్రం గట్టిగా గుంజకండి, చాలా మౌసుల్లో మూతకీ బోర్డుకీ మధ్య సన్న రిబ్బన్ కేబుల్ ఉంటుంది, నాది మొదటిసారి అట్లనే తెగింది, చాలా బాధేసింది.

స్విచ్‌కి మూడు కాళ్లుంటాయి, పాతది ఎటువైపు తిరిగి ఉందో విప్పకముందే ఫొటో తీసి పెట్టుకోండి. నేను 8 కోట్ల క్లిక్కుల రేటింగ్ ఉన్న కైల్ జీఎం 8.0 స్విచ్‌లు వేశాను. స్విచ్ బోర్డుకి సోల్డర్ చేసి (లోహం కరిగించి అతికించి) ఉంటుంది, ఆ పని మీకు రాకపోతే, నల్లగొండలో నేను చేసినట్టే, ఫోన్లు రిపేర్ చేసే అన్న దగ్గరికి స్విచ్‌లు పట్టుకెళ్లి "అన్నా, ఎడమ, కుడి రెండూ మార్చు" అని చెప్పండి, ఒక్కటే మారిస్తే రెండు బటన్లూ వేర్వేరుగా అనిపిస్తాయి. మీది ఆప్టికల్ స్విచ్‌ల (క్లిక్‌ని కాంతితో గుర్తించేవి) మౌస్ అయితే ఈ స్విచ్‌లు పనిచేయవు, కొనేముందే చూసుకోండి.