టోపీ పెట్టుకున్న మనిషిని స్టూడియోలో ఫోటో తీయడం ఎలా?

తెలుగులో ఒకరికి టోపీ పెట్టడమంటే మోసం చేయడం. మహారాష్ట్ర సరిహద్దులోని మా ధర్మాబాద్‌లో మరాఠీవాళ్లు ‘టోపీ ఘాలణే’ అన్నా అదే అర్థం. ఫోటోగ్రాఫర్‌కైతే టోపీ నిజంగానే టోపీ పెడుతుంది. నాకు పెట్టింది.

నాందేడ్‌లో ఫ్యాషన్ డిజైనింగ్ చదివే మా మేనకోడలు పోర్ట్‌ఫోలియో కోసమని నాలుగు తెచ్చింది: వెడల్పు అంచున్న గడ్డి టోపీ, నల్ల ఫెల్ట్ (అదిమిన ఉన్ని) టోపీ, వాళ్ల తాత తెల్ల గాంధీ టోపీ, ఒక కాషాయ రంగు ఫేటా, అంటే మరాఠీ తలపాగా. పాస్‌పోర్ట్ ఫోటోల అలవాటు కొద్దీ లైటు 45 డిగ్రీల ఎత్తులో పెట్టి చకచకా కొట్టేశాను. కెమెరా వెనక చిన్న తెర మీద బాగానే కనిపించాయి. కంప్యూటర్‌లో తెరవగానే పిల్ల అడిగింది: “మామా, నా కండ్లు ఏడబోయినయ్?” కనుబొమల నుంచి ముక్కు సగం దాకా బొగ్గు పూసినట్టుంది. అన్నీ మళ్లీ తీశాం. అప్పుడు తెలిసినవే ఇవి.

ముందు టోపీ సంగతి

మొదటి ఫోటోలు టోపీ లేకుండానే తీసేయండి. ఒక్కసారి టోపీ పెడితే జుట్టు అణిగిపోతుంది, నుదుటి మీద గీత పడుతుంది. ఆ తర్వాత వదులుగా ఉన్నదానితో మొదలుపెట్టి, బిగుతుగా ఉన్నది చివరికి ఉంచండి. నల్ల ఫెల్ట్‌కు దూది, వెంట్రుకలు ఇట్టే అంటుకుంటాయి. సెల్లోటేపును జిగురు పైకొచ్చేలా చేతికి చుట్టుకొని అద్దితే రెండు నిమిషాల పని. దీన్ని వదిలేస్తే ఎడిటింగ్‌లో ఒక్కో పోగూ ఏరుతూ గంట కూర్చోవాలి. గాంధీ టోపీని ఇస్త్రీ చేయించండి, మడత గీతే దాని అందం.

లైటు చూరు కిందికి రావాలి

ఇంటికి చూరు ఎలాగో టోపీకి అంచు అలాగ. పైనుంచి వచ్చే వెలుగును అది ఆపేస్తుంది. కాబట్టి సాఫ్ట్‌బాక్స్‌ను (లైటుకు తెల్ల గుడ్డ తొడిగిన పెట్టె) మోడల్ కళ్ల ఎత్తుకు, లేదా కాస్త పైకి మాత్రమే దించండి. సరిగ్గా ఎదురుగా పెడితే ముఖం అప్పడంలా చదునుగా వస్తుంది. 30 నుంచి 45 డిగ్రీలు పక్కకు జరపండి. దూరం మూడు నాలుగు అడుగులు చాలు.

సరిపోయిందో లేదో చూడడానికి వెలుగు కొలిచే మీటర్ అక్కర్లేదు. లైటు ఉన్నచోట మీ తల పెట్టి మోడల్ వైపు చూడండి. అక్కడి నుంచి మీకు ఆమె రెండు కళ్లూ కనిపిస్తే వెలుగుకూ కనిపిస్తాయి. ఒక కన్ను అంచు చాటుకు పోతే స్టాండ్ ఇంకాస్త దించండి, లేదా టోపీని వేలెడంత వెనక్కి జరపమనండి. గడ్డం ఎత్తమని మాత్రం చెప్పకండి. ముక్కు రంధ్రాలు కనిపిస్తాయి, చూపులో పొగరు వస్తుంది.

ఇంకా నీడ మిగిలితే థర్మకోల్ షీట్. పుస్తకాల దుకాణంలో దొరికే మామూలు తెల్ల షీటునే మోడల్ ఛాతీ దగ్గర ఫ్రేములో పడకుండా వాలుగా పట్టుకోమంటే, కింది నుంచి మెత్తని వెలుగు అంచు లోపలికి ఎక్కుతుంది, కంటిలో రెండో మెరుపు కూడా పడుతుంది. కొనే రిఫ్లెక్టర్‌కూ దీనికీ ఫోటోలో నాకు తేడా కనిపించలేదు.

నల్ల టోపీకి రెండో లైటు కావాలి. లేకపోతే ముదురు బ్యాక్‌డ్రాప్‌లో (వెనక తెర) టోపీ కలిసిపోయి తల సగానికి కోసినట్టుంటుంది. వెనక పక్క నుంచి చిన్న ఫ్లాష్ తక్కువ పవర్‌లో పెడితే అంచు చుట్టూ సన్నటి వెలుగు గీత వస్తుంది. బ్యాక్‌డ్రాప్‌కూ మోడల్‌కూ మధ్య కనీసం ఐదడుగులు వదలండి. నా గది పొడవే 14 అడుగులు, అందుకే నేను తలుపుకు వీపు ఆనించి తీస్తాను.

గాంధీ టోపీకి, ఫేటాకు అంచు ఉండదు కనుక లైటు మామూలు ఎత్తుకు తీసుకెళ్లవచ్చు. అక్కడ గొడవ వేరు: ముఖానికి వెలుగు సరిపోయేసరికి తెల్ల గుడ్డ మీద మడతలు మాయమవుతాయి. కెమెరాలో హైలైట్ వార్నింగ్ ఆన్ చేసుకోండి, మరీ తెల్లబోయిన చోటు తెర మీద మిణుకుమంటుంది. టోపీ మిణుకుమిణుకుమంటుంటే వెలుగును అర స్టాప్ తగ్గించండి (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది).

కెమెరా

క్రాప్ సెన్సార్ (చిన్న సెన్సార్) కెమెరాకు 50 ఎం.ఎం., ఫుల్ ఫ్రేమ్‌కు (పెద్ద సెన్సార్) 85 ఎం.ఎం. లెన్స్ బాగుంటుంది. ఐఎస్‌ఓ 100, షట్టర్ 1/125, అపర్చర్ ఎఫ్ 8. చాలా కెమెరాల్లో షట్టర్ 1/200 లేదా 1/250 దాటితే ఫ్లాష్‌తో ఫోటోలో నల్ల పట్టీ పడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కావాలని ఎఫ్ 1.8 పెట్టే మోజు ఇక్కడ వద్దు. కన్ను షార్ప్‌గా ఉండి, ముందుకొచ్చిన అంచు మసకబారుతుంది. ఫోకస్ దగ్గరి కన్ను మీద. ఫైల్ తప్పకుండా రా (RAW, కెమెరా మార్పులు చేయని అసలు ఫైల్) లోనే.

పై భాగం ధారాళంగా వదిలి తీయండి. ఫేటా తురా (పైకి నిలిచే కుచ్చు) కొస తెగితే తర్వాత అతికించలేం. ఫ్యాన్ ఆపండి, ఫేటా తోక ఎగురుతుంది. ఇంకోటి, ఇది మా ఊరి గొడవ: మిర్చి సీజన్‌లో స్టూడియో తలుపు షట్టర్ దించుకునే తీయాలి. ఘాటుకు మోడల్ కళ్లు ఎర్రబడితే ఏ సాఫ్ట్‌వేర్ కూడా మళ్లీ తెల్లగా, సహజంగా చేయలేదు.

ఎడిటింగ్

లైట్‌రూమ్‌లో మొదట వైట్ బ్యాలెన్స్, తర్వాత ఎక్స్‌పోజర్. ఆపైన ముఖానికి విడిగా మాస్క్ వేసి (ఆ భాగాన్నే ఎంచుకుని) షాడోస్, అంటే నీడ భాగాలు, కొద్దిగా ఎత్తండి. కొద్దిగానే. నా మొదటి ఫోటోల్లో నల్లటి కళ్లను పూర్తిగా లేపబోతే చర్మం బూడిద రంగుకు తిరిగి, ఇసుక చల్లినట్టు గింజలు తేలాయి. అంచు కింద కాస్త నీడ ఉండాలి, లేదంటే టోపీని తర్వాత అతికించినట్టుంటుంది.

గడ్డి టోపీ రంగు నుదుటి మీదికి దిగుతుంది, చర్మం పసుపు రాసినట్టు కనిపిస్తుంది. అక్కడ మాత్రమే బ్రష్‌తో టెంపరేచర్‌ను నీలం వైపు కొంచెం జరిపి, శాచురేషన్ తగ్గించండి. గడ్డి అల్లికకు క్లారిటీ పెంచవచ్చు, కానీ అదే స్లయిడర్ మొత్తం ఫోటోకు తోస్తే బుగ్గ మీద గుంతలు పడతాయి. అల్లికలో రంగురంగుల అలలు కనిపిస్తే మాస్క్‌లో మోయిరే స్లయిడర్ వాడండి. తెల్ల టోపీకి హైలైట్స్ తగ్గిస్తే మడతలు తిరిగొస్తాయి, అయితే తీసేటప్పుడే పూర్తిగా తెల్లబోయిన చోట ఏమీ రాదు.

“అన్నా, జర తెల్లగ చెయ్యి” అని అడిగేవాళ్లు ప్రతి వారం ఉంటారు. నేను చేయను. గాంధీ టోపీ తెలుపు పక్కన చామనఛాయ ఎంత నిండుగా ఉంటుందో ప్రింట్ తీసి చూపిస్తే చాలామంది ఊరుకుంటారు.

ఇన్‌స్టాగ్రామ్‌కు 1080×1350, ఎస్ఆర్‌జీబీలో (తెరలకు వాడే రంగుల పద్ధతి) జేపెగ్. 12×18 అంగుళాల ప్రింట్‌కు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 3600×5400 పిక్సెల్స్ కావాలి, 24 మెగాపిక్సెల్ కెమెరాకు ఇది సరిపోతుంది, కానీ ఎక్కువ క్రాప్ చేస్తే కుదరదు. ఫ్రేమ్ కట్టించేటట్టయితే నాలుగు వైపులా అరంగుళం అదనంగా వదలండి. మేనకోడలి ఫేటా ఫోటోలో నేను వదల్లేదు, తురా కొస ఇప్పుడు చెక్క కింద ఉంది.