మృగశిరకు ఆయన వచ్చేలోపు... సూది ఎప్పుడు ఆపాలి?

మా వాడకట్టులో ఒకామె ఫిబ్రవరిలో, కడుపు రాకుండా వేసే మూడు నెలల సూది వేయించుకుంది. భర్తది పుణెలో మేస్త్రీ పని. మృగశిరకు ఊరికి వచ్చాడు, ఇక పిల్లను కందామనుకున్నారు. జూన్ పోయింది, బతుకమ్మ పోయింది, దీపావళి దాటి ఆయన మళ్లీ బస్సెక్కాడు. కడుపు మాట దేవుడెరుగు, ఆమెకు నెలసరే సరిగ్గా రావడం లేదు. "సూదులు పొడిపించుకొని గర్భసంచి ఎండగొట్టుకున్నది" అని అత్త వాకిట్లో నిలబడి అన్నది. గర్భసంచికి ఏమీ కాలేదు. లెక్క తప్పింది, అంతే.

ఆ సూది పేరు అంతర. సర్కారు దవాఖానలో ఉచితం. రక్షణకు పూచీ మూడు నెలలే. కానీ మందు ఒంట్లోంచి మెల్లగా దిగుతుంది. మళ్లీ గర్భం నిలవడానికి ఆఖరి సూది తేదీ నుంచి సాధారణంగా 7 నుంచి 10 నెలలు పడుతుంది. అందుకే వెనక నుంచి లెక్క వేయాలి. జూన్‌లో ప్రయత్నం మొదలు పెట్టాలనుకుంటే, అంతకు ముందటి ఆగస్టు, సెప్టెంబరుల్లో వేయించుకున్నదే ఆఖరిది కావాలి. నవంబరు, డిసెంబరుల్లో ఆశమ్మ గుర్తు చేసినా "ఈసారి వద్దమ్మా" అనండి. మరి సంక్రాంతికి ఆయన నాలుగు రోజులు వచ్చిపోతే? కొందరికి ముందే నిలుస్తుంది కాబట్టి అప్పటిదాకా నిరోధ్ వాడండి. తేదీ నోటి లెక్కన వద్దు, కార్డు తీసి చూడండి.

మిగతా పద్ధతులకు ఇంత ముందుచూపు అక్కర్లేదు. కాపర్-టీ తీసిన నెలలోనే గర్భం రావచ్చు. దారం చేతికి తగులుతోందని సొంతంగా లాగొద్దు, నర్సు దగ్గరే తీయించుకోవాలి. మాల-ఎన్ గోలీలైతే అట్ట పూర్తి చేసి ఆపండి, మధ్యలో ఆపితే రక్తస్రావం అటూ ఇటూ అయి తేదీలు గందరగోళం. ఆ అట్టలో 28 గోలీలుంటాయి, చివరి 7 గోలీలు ఇనుమువి. వాటిని పారేసేవాళ్లను చాలామందిని చూశాను. ఆపిన తర్వాత ఎక్కువమందికి ఒకటి నుంచి మూడు నెలల్లో అండం విడుదల మొదలవుతుంది. మరచిపోయి గోలీ వేసుకుంటుండగానే నెల తప్పిందా? గోలీ ఆపి దవాఖానకు వెళ్లండి. బిడ్డకు లోపం వస్తుందని భయపడి కడుపు తీయించుకోవాల్సిన పని లేదు.

"మందు ఒంట్లోంచి పోవాలె, మూడు నెలలు ముందే గోలీలు ఆపు" అంటారు చాలామంది. గోలీ కొద్ది రోజుల్లోనే పోతుంది. మూడు నెలలు కావాల్సింది మీ రక్తానికి. అందుకే నా మాట: ముందు రక్తం పరీక్ష, తర్వాతే గోలీ ఆపడం. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే ఇనుము గోలీలు మొదలు పెట్టండి. నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి, వెంటనే చాయ్ తాగొద్దు. ఫోలిక్ ఆమ్లం రోజుకు 400 మైక్రోగ్రాములు, కనీసం ఒక నెల ముందు నుంచి, వీలైతే మూడు నెలల ముందు నుంచి. బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోనే మూసుకుంటుంది, అప్పటికి మీకు నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. షుగర్ ఉన్నా, మూర్ఛ మందులు వాడుతున్నా ఎక్కువ మోతాదు కావాలి, డాక్టరును అడగండి. మూర్ఛ మందు మాత్రం సొంతంగా ఆపొద్దు. రుబెల్లా టీకా వేయించుకుంటే నెల రోజులు ఆగాలి. మేనరికమైతే ఇద్దరూ ఒకసారి తలసీమియా పరీక్ష చేయించుకోండి.

ఇక ఆయన సంగతి. వీర్యకణం తయారు కావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. పత్తికి మందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లవ్స్ ఉండాలి. ఆ బట్టలు మీరు ఒట్టి చేతులతో ఉతకొద్దు. మత్తు కలిపిన కల్లు అలవాటుంటే ఒక్కసారిగా మానిపిస్తే ఫిట్స్ రావచ్చు, డాక్టరు చెప్పినట్టు మాన్పించాలి.

గోలీలు ఆపి మూడు నెలలైనా నెలసరి రాకపోతే ముందు గర్భ పరీక్ష, తర్వాత డాక్టరు. ఏడాది కలిసి ఉన్నా నిలవకపోతే, 35 దాటినవాళ్లయితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి దవాఖానకు పోవాలి. ఆయన పుణెలో ఉన్న నెలలు ఆ లెక్కలోకి రావు. ఈ ముక్క అత్తకు ముందే చెప్పి పెట్టండి.