సిజేరియన్ తరువాతి కాన్పు: బెంగళూరులో ఉన్నవారు ముందుగా చూసుకోవలసినవి

మొదటి పురుడు అనంతపురంలోనో కర్నూలులోనో పుట్టింట సిజేరియన్‌తో జరిగి, ఇప్పుడు బెంగళూరులో రెండోసారి గర్భంతో ఉన్నవారు అన్నిటికంటే ముందు ఆనాటి డిశ్చార్జ్ సమ్మరీని, వీలైతే ఆపరేషన్ నోట్సును తెప్పించుకోవాలి. పొట్టమీది గీత అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల గర్భసంచిని కూడా అడ్డంగానే కోశారని చెప్పలేము. సాధారణ కాన్పుకు ప్రయత్నించవచ్చా అన్నది ప్రధానంగా ఆ లోపలి కోతను బట్టే తేలుతుంది. గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోసినవారిలో, ప్రయత్నించిన ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురికి సాధారణ కాన్పు అవుతుంది. పైభాగంలో నిలువుగా కోసి ఉంటే, నొప్పులు మొదలుకాకముందే మళ్లీ ఆపరేషన్ చేయించుకోవడం క్షేమం. అప్పుడు ఆపరేషన్ ఎందుకు చేశారన్నదీ ముఖ్యమే, ఎందుకంటే బిడ్డ ఎదురుకాళ్లతో ఉండడం వంటి కారణం ఈసారి ఉండకపోవచ్చు.

కింది భాగంలో అడ్డంగా కోసినవారిలో, నొప్పులు పడుతుండగా గర్భసంచి మీది పాత కుట్టు విడిపోవడం సుమారు 200 మందిలో ఒకరికి జరుగుతుంది. అరుదే అయినా, జరిగితే నిమిషాల్లో ఆపరేషన్ చేయాలి. అందుకే, అర్ధరాత్రి కూడా మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, పిలిస్తే ఇంటినుంచి వస్తారా, రక్తం అందుబాటులో ఉంటుందా, బిడ్డ గుండె చప్పుడును యంత్రంతో ఎడతెగకుండా చూస్తారా అని నేరుగా అడగండి. మొహమాటపడవద్దు, ఇది రెండు ప్రాణాల విషయం. నొప్పులు రప్పించే మందులు ఈ ప్రమాదాన్ని పెంచుతాయి కాబట్టి, అవసరమైతే ఏ పద్ధతి వాడతారో ముందే తెలుసుకోండి. మిసోప్రోస్టాల్ మాత్ర మాత్రం వీరికి కాన్పు నొప్పుల కోసం వాడకూడదు. స్కానింగులో మాయ కిందికి, పాత కుట్టు మీదికి వచ్చిందేమో తప్పక అడగాలి.

మళ్లీ ఆపరేషనే అని నిర్ణయమైతే, వేరే ఇబ్బంది లేనప్పుడు 39 వారాలు నిండాక చేస్తారు. మంచి ముహూర్తం ఉందని అంతకంటే ముందే చేయించమని పెద్దలు అడిగితే, బిడ్డకు ఊపిరి అందడంలో ఇబ్బంది రావచ్చని వారికి నెమ్మదిగా, కానీ గట్టిగా చెప్పండి.

మారతహళ్లి, సిల్క్‌బోర్డు దారుల్లో సాయంత్రం 6 గంటలకు ఒకసారి ప్రయాణించి, ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో చూసుకోండి. నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా ఇంట్లో ఆగకుండా బయలుదేరాలి. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పాత కుట్టు దగ్గర బాధ తగ్గకపోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా దారిలోనే లేబర్ రూముకు ఫోన్ చేసి చెప్పాలి. ఆ సమయంలో డ్యూటీలో ఉండేది మిమ్మల్ని ఎన్నడూ చూడని డాక్టరు కావచ్చు కాబట్టి, పాత సమ్మరీ సంచి అడుగున చీరల కింద కాకుండా, అన్నిటికంటే పైన ఉండాలి.